తోడు

సూర్యాపేటలో లాక్‌డౌన్. ఇల్లిల్లూ తిరుగుతున్న ఆశా వర్కర్ ఒకామె, స్వరూప వాళ్లింటి గుమ్మం ముందు ఆగి, "ఇంట్ల ఎవలికన్న జరమొచ్చిందా?" అని అడిగింది.

"లేదు," అన్నాడు స్వరూప భర్త వేణు.

"నాకొచ్చింది. దగ్గు గూడ ఉన్నది," అంది స్వరూప. అది అబద్ధం. జ్వరమని చెబితే అంబులెన్స్ వచ్చి ఈ ఇంట్లోంచి తీసుకుపోతుందనుకుంది.

"దవాఖానల బెడ్లు లేవు చెల్లె. మీరిద్దరు ఇంట్లనే ఉండున్రి."

రాత్రి దెబ్బకు చిట్లిన పెదవి చూపిద్దామని స్వరూప మాస్కు మీద చెయ్యి వేసింది. ఆశా వర్కర్ గబుక్కున వెనక్కి జరిగింది.

"మాస్కు తియ్యకు!"

సాయంత్రానికి వాకిలికి అడ్డంగా కర్రలు కట్టేశారు.

"పరేషాన్ గాకు," కర్రల అవతలి నుంచి ఆశా వర్కర్ ధైర్యం చెప్పింది. "ఎవ్వల్ని లోపల్కి రానియ్యం. తోడుకు నీ పెనిమిటి ఉన్నడు గద."

స్వరూప వెనక నుంచి వేణు చెయ్యి వచ్చి తలుపు మూసింది.