నీళ్లు పారే వైపు

"ఏవండీ, దారి మునిగిపోతోంది. వెనక్కి వెళ్లిపోదాం" అంది పుష్పావతి.

"వెనక్కా? మీ అన్నయ్య ముందు నా పరువేం కావాలే?" అన్నాడు జనార్దనరావు, ప్యాంటు మోకాళ్ల పైకి మడుచుకుంటూ.

కార్తీక స్నానానికి వచ్చిన చుట్టాలందరూ రేవులో పడవెక్కి ఈపాటికి సముద్రం ఒడ్డుకి చేరిపోయి ఉంటారు. జనార్దనరావు మాత్రం ఎక్కలేదు. "పడవలో కుదేసినట్టు కూర్చుని ఎవడొస్తాడు బావా? మడ అడవిలోంచి కాలిదారి ఉందటగా. నడిచే వస్తాను, చూస్తూ ఉండు" అని బావమరిది ప్రకాశరావుతో గొప్పగా అనేశాడు. పోటు వేళ అటు వెళ్లొద్దండీ అని పడవ వాళ్లు మొత్తుకున్నారు. వింటే ఆయన జనార్దనరావు ఎందుకవుతాడు? మొగుణ్ణి ఒంటరిగా వదల్లేక పుష్పావతి కూడా చెప్పులు చేత్తో పట్టుకుని వెంట నడిచింది.

పక్క పొదలో ఏదో దభీమని దూకింది. ఇద్దరూ కొయ్యబారిపోయారు. ఎదురుగా బురదలో పాదాల గుర్తులు. కుక్కవి కావు. అప్పుడే పడ్డాయేమో, వాటిలోకి నీళ్లు ఇంకా ఊరుతున్నాయి.

"పులా అండీ?" అంది పుష్పావతి.

"ఇక్కడ పులేంటే! ఏ బావురుపిల్లో అయ్యుంటుంది" అన్నాడు. అన్నాడే గానీ, ఆమె చెయ్యి పట్టుకుని పక్కకి లాక్కుపోయాడు. అలా చెట్ల మధ్య అటు తిరిగి ఇటు తిరిగి ఆగేసరికి కాలిదారి కనబడలేదు. ఎటు చూసినా ఒకటే రకం మడ చెట్లు, బురదలోంచి మేకుల్లా పొడుచుకొచ్చిన వేళ్లు. సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు. తూర్పేదో పడమరేదో తెలియడం లేదు. ఫోనులో సిగ్నల్ లేదు.

ఇంకో అడుగు వేయబోయాడు. కాలు తొడ దాకా దిగిపోయింది. లాగే కొద్దీ బురద లోపలికి పీలుస్తోంది. పుష్పావతి ఒక కొమ్మని చంకలో ఇరికించుకుని, రెండో చేత్తో ఆయన చొక్కా కాలరు పట్టుకుని బలమంతా పెట్టి లాగింది. కాలు ఊడొచ్చింది. చెప్పు రాలేదు.

జనార్దనరావుకి అప్పుడు భయం వేసింది. నీళ్లు మోకాళ్లు దాటాయి. ఇంకాసేపటికి నడుము దాకా వస్తాయి. ఇద్దరికీ ఈత రాదు. ఇక్కడే పోతే శవాలైనా దొరుకుతాయా అన్న ఆలోచన వచ్చి, నుదుటి మీద చెమట పట్టింది.

"పుష్పా, నాకు భయమేస్తోందే" అన్నాడు చిన్నగా.

ఆయన నోట అలాంటి మాట ఎప్పుడూ విని ఎరగదు పుష్పావతి. కళ్లు తుడుచుకుని, పక్కనున్న పాయకేసి చూసింది. నీళ్ల మీద నురగ తెట్టెలు తెట్టెలుగా కొట్టుకుపోతోంది. కాసేపు అలాగే చూసింది.

"ఏవండీ, మన మండలంలో కాలువ నీళ్లు ఎటు పోతాయో మీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు? ఈ నీళ్ల వెంట పోదామా?"

జనార్దనరావు మొహం వికసించింది. చివరి పొలాల దాకా నీళ్లు లాగించిన మనిషాయె. "భలే దానివే! నీరు పల్లమెరుగు, నిజం దేవుడెరుగు అన్నారు. సముద్రాన్ని మించిన పల్లం ఇంకేముంది? ఈ నీళ్లే మనల్ని బావ దగ్గర దింపుతాయి, పద!"

"అందుకే మిమ్మల్ని అడిగింది" అంది పుష్పావతి, ఆయన చొక్కా అంచు గట్టిగా పట్టుకుంటూ.

చెట్ల వేళ్లు ఆసరా చేసుకుని పాయ పక్కనే నడిచారు. ఒక పాము తల పైకెత్తి వాళ్ల ముందునుంచే ఈదుకుంటూ పోయింది. జనార్దనరావు కళ్లు మూసుకుని అన్ని దేవుళ్లకీ మొక్కాడు. వెనక్కి తిరిగి చూసే ధైర్యం లేదు. మధ్యలో ఆయన ఆగిపోయినప్పుడల్లా "మీరు ముందుండబట్టి సరిపోయిందండీ" అంటూ వీపు మీద చెయ్యి వేసి తోసింది ఆవిడ.

ఎట్టకేలకు చెట్లు పలచబడ్డాయి. ఎదర వెలుగు. మనుషుల మాటలు. జనార్దనరావుకి ప్రాణం లేచొచ్చింది. నీళ్లు చిమ్ముకుంటూ పరుగెత్తి గట్టెక్కి, రెండు చేతులూ పైకెత్తి "బావా! నడిచే వచ్చాను చూడు!" అని అరిచాడు.

గట్టుకి అవతల సముద్రం లేదు. పండుబారిన వరి చేలున్నాయి. కరకట్ట మీద ట్రాక్టరు ఆపుకుని టీ తాగుతున్న ఇద్దరు మనుషులు ఆయన్ని వింతగా చూశారు.

"ఇదేంటే? మనం ఊళ్లోకొచ్చాం! సముద్రమేదీ? నీళ్లు ఇటేగా పారుతున్నాయి!"

పుష్పావతి గట్టు మీద చతికిలబడి, ఊపిరి పీల్చుకుని, చీర కుచ్చిళ్లు పిండుకుంది.

"పోటు మీద సముద్రమే కదండీ ఊరి మీదకొస్తుంది! వెనక్కి పోదామంటే ప్రాణం పోయినా తిరగరని, మిమ్మల్ని ముందుకే నడిపించి వెనక్కి తెచ్చేశాను."