జంట గ్యాలరీ

"ఒక్కడివే వస్తే లోపలికి పంపడం కుదరదన్నా. నీలివాళ్లలో ఒకరిని తెచ్చుకో," అంది గేటు దగ్గర టికెట్లు చూసే మార్లీ.

"రెండు టికెట్లూ నా దగ్గరే ఉన్నాయిగా," అన్నాడు జాందిర్.

"టికెట్లుంటే సరిపోదు, మనిషి ఉండాలి. జంట గ్యాలరీ అంటే ఒక ఎర్రచొక్కా, పక్కన ఒక నీలిచొక్కా. ఇన్నేళ్లుగా వస్తున్నావు, నీకు తెలీదా?"

తెలుసు. ఇన్నేళ్లూ ఆ నీలిచొక్కా అతని భార్య ఇరాసీది.

ఇంట్లో ఇద్దరివీ రెండు ఫుట్‌బాల్ జట్లు, అతనిది ఎర్రది, ఆమెది నీలిది. బ్రెజిల్‌లోని ఈ పోర్టో అలెగ్రేలో అలాంటి ఇళ్లకు కొదవ లేదు. మార్చిలో ఇరాసీ పోయింది. అక్టోబరులో ఈ రెండు జట్ల ఆట వచ్చేసరికి, ఆమె సీటు పక్కన ఒక్కసారి కూర్చోవాలనిపించింది జాందిర్‌కు. అంతకుమించి కోరిక లేదు.

సంతలో మాటే అనే, టీలా వేణ్ణీళ్లు పోసుకు తాగే ఆకు అమ్మే కొట్టు అతనిది. బేరం కుదర్చలేని సరుకంటూ ఎరగడు. కాని ఈ ఆదివారానికి ఒక్క నీలివాణ్ణి సంపాదించలేకపోయాడు. ఒకడు కూతురి పుట్టినరోజన్నాడు. ఒకడు నడుం నొప్పన్నాడు. భార్య పోయినవాడి పక్కన రెండు గంటలు కూర్చోవడం ఎవరికీ గిట్టుబాటు కాదని అర్థమైంది.

మార్లీ గడ్డంతో గోడవైపు చూపించింది. "ఆయన్ని అడిగి చూడు."

గోడ నీడలో ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. రంగు వెలిసిన నీలిచొక్కా భుజాల దగ్గర బిగుతుగా పట్టేసింది.

"టికెట్ ఉందా పెద్దాయనా?"

"ఉంటే ఇక్కడ నీ మొహం చూస్తూ ఎందుకు నిలబడతాను?"

"నా దగ్గర ఒకటుంది. తీసుకో."

"ఎర్రవాడు ఊరికే ఇస్తున్నాడంటే ఎక్కడో మోసం ఉంది."

"నువ్వు లేకపోతే నన్నూ పంపరు. చెల్లుకు చెల్లు."

"అయితే పద. నువ్వు ఏడుస్తుంటే చూడ్డానికి ఒకరుండాలిగా."

పేరు వల్మోర్ అన్నాడు. ఇంకేమీ చెప్పలేదు.

మిగతా గ్యాలరీల మధ్య పోలీసులు, కంచెలు. అక్కడ తిట్లు గుంపు నుంచి బయలుదేరి గుంపు మీద పడతాయి. ఇక్కడ మోకాలికి మోకాలు తగులుతుంది. పక్కవాడి కళ్లలోకి చూసి తిట్టాలంటే ఎవరైనా తూచే తిడతారు. అందుకే ఇక్కడ కేకలు తక్కువ, నవ్వులు ఎక్కువ.

జాందిర్ మాత్రం నోరు విప్పలేదు.

"ఏమయ్యా, నాలుక ఇంట్లో పెట్టి తాళం వేసొచ్చావా?" అన్నాడు వల్మోర్.

జాందిర్ మైదానం వైపే చూస్తున్నాడు.

"మీ గోల్‌కీపర్ని చూడు. బస్సు కోసం నిలబడ్డట్టున్నాడు."

"మీవాళ్లకి ఆ బస్సు తోయడం కూడా రావట్లేదుగా," అనేశాడు జాందిర్.

ఏడు నెలల తరువాత అతని నోట వచ్చిన మొదటి వెక్కిరింత అది.

"ఆఁ, బతికే ఉన్నావన్నమాట."

ఎర్రజట్టు కొట్టిన పెనాల్టీ బంతి గోల్ స్తంభం పక్కనుంచి బయటికి పోయింది. వల్మోర్ చెయ్యి సీటు అంచును బిగించి పట్టుకుంది. సంబరం ఆపుకుంటున్నాడనుకున్నాడు జాందిర్.

ఆట ముగుస్తుందనగా నీలిజట్టు గోల్ కొట్టింది. చుట్టుపక్కల నీలివాళ్లంతా లేచాక గాని వల్మోర్ లేవలేదు. మోకాళ్ల బాధ కాబోలు. లేచాక మాత్రం ఊరుకోలేదు. జాందిర్ భుజం చరిచాడు, చెవిలో ఈల వేశాడు. చివరికి కళ్లు తుడుచుకున్నాడు.

"గెలిచి ఏడుస్తావేం పెద్దాయనా?"

"ఆనందం తమ్ముడూ. ఆనందం."

బయట తన వ్యాన్ దగ్గర జాందిర్ సొరబుర్రలో మాటే ఆకు నింపి, ఫ్లాస్కులోంచి వేణ్ణీళ్లు పోసి మర్యాదకు ఇచ్చాడు. వల్మోర్ గొట్టంతో చివరి చుక్కదాకా పీల్చి, బుర్ర తిరిగిచ్చి, మాట్లాడకుండా నిలబడ్డాడు.

మాటే తాగేచోట థాంక్స్ అంటే ఇక చాలని అర్థం. ఏమీ అనకుండా నిలబడితే మళ్లీ నింపమని, ఇంకాసేపు ఉంటానని.

జాందిర్ లెక్క చూసుకున్నాడు. ముసలాడికి టికెట్ ఊరికే వచ్చింది. జట్టు గెలిచింది. తన భుజం వాచేలా చరిచాడు. ఈ బేరంలో లాభమంతా అతనిదే. పైగా ఇంకో బుర్ర కూడానా?

"నీళ్లు చల్లారిపోయాయి," అని మూత బిగించాడు.

ఫ్లాస్కు సగం పైనే ఉంది. మూత సందులోంచి ఆవిరి వస్తూనే ఉంది.

వల్మోర్ అది చూశాడు. "సర్లే," అని ఒక్కడే నదివైపు నడిచాడు.

ఆ వారమంతా జాందిర్ ఆకు తూస్తూ తూస్తూ ఆ బస్సు మాట తలుచుకుని నవ్వాడు. కొనడానికి వచ్చినవాళ్లు వింతగా చూస్తే గాని, తను నవ్వుతున్నట్టు తనకే తెలియలేదు.

ఏప్రిల్‌లో మళ్లీ అదే ఆట, అదే మైదానం. రెండు టికెట్లు, ఇంట్లోకెల్లా పెద్ద ఫ్లాస్కు పట్టుకుని గంట ముందే వచ్చాడు.

గోడ నీడ ఖాళీగా ఉంది.

"ఆ వల్మోర్ ఇంకా రాలేదా?"

మార్లీ టికెట్లు చూడటం ఆపింది. "ఫిబ్రవరిలో పోయాడన్నా, గుండె ఆగి. ఆయనకి ఎవరూ లేరు. మేం గేటువాళ్లమే నలుగురం వెళ్లాం."

జాందిర్ ఫ్లాస్కు నేలమీద పెట్టాడు.

"పెట్టె మీద నీలిజెండా అయినా కప్పారా?"

"నీలిజెండా ఎందుకు కప్పుతాం? ఆ చొక్కా, చనిపోయిన వాళ్లావిడది," అంది మార్లీ. "జత దొరక్క ఈ గేటు దగ్గరే ఆగిపోయేవాళ్ల కోసం తొడుక్కొచ్చేవాడు గాని, ఆయన నలభై ఏళ్లుగా మన ఎర్రజట్టు మనిషే."