ఒడ్డునే ఉండాల్సిన పడవ

"ఆ ఎర్ర పడవ ఖాళీగానే ఉందిగా! అదివ్వండి," అంది టీచరమ్మ.

"ఖాళీ కాదు మేడమ్. పొద్దున్నే ఆవిడ అద్దెకి తీసేసుకున్నారు," అన్నాడు పడవలతను.

రేవు చివర నల్ల గొడుగు కింద ఒకావిడ కూర్చుని ఉంది. పక్కనే గుంజకి కట్టేసిన ఎర్ర పడవ అలల మీద ఊగుతోంది.

కొండల నడుమ సరస్సు, వేసవి సెలవులు. మిగతా పడవలన్నీ నీళ్ళ మీదే ఉన్నాయి. కేరింతలు ఒడ్డుదాకా వినిపిస్తున్నాయి. మర్నాడే తిరుగు ప్రయాణం. పడవెక్కకుండా ఇంటికి వచ్చేది లేదని టీచరమ్మ కూతురు, పాప, నేల మీద చతికిలబడింది.

టీచరమ్మ గొడుగావిడ దగ్గరికి నడిచింది.

"ఏమండీ, మీరు పడవెక్కుతారా?"

"లేదండీ."

"ఎవరైనా రావాలా?"

"ఎవరూ రారు."

"మరి ఊరికే కట్టేసుకుని కూర్చోవడం దేనికి? మా పాప ఒకటే ఏడుపు. కాసేపు తిప్పి తెచ్చిచ్చేస్తాం."

"ఇది ఒడ్డునే ఉండాలమ్మా."

గొంతులో కోపం లేదు. చూపు మాత్రం నీళ్ళ మీదే ఉంది. ఈతకి దిగినవాళ్ళని ఒక్కొక్కరినీ చూస్తోంది, సంతలో తప్పిపోయిన పిల్లని వెతుక్కుంటున్నట్టు.

ఆ చూపు చూసి టీచరమ్మకి ఎందుకో గుబులు పుట్టింది. గుబులు పుడితే కోపం తెచ్చుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ అలవాటు.

ఆ కోపంతోనే మేనేజరు గదిలో అడుగుపెట్టింది.

"ఎక్కనివాళ్ళకి పడవెందుకండీ? ఇదేం పద్ధతి?"

పడవల కోసం వరసలో నిలబడ్డవాళ్ళంతా టీచరమ్మకి వంత పాడారు. మేనేజరు చేసేది లేక రేవుకొచ్చి, గొడుగావిడ డబ్బు గొడుగావిడకి తిరిగిచ్చేశాడు.

ఆవిడ గొడవపడలేదు. వంగి పాప లైఫ్ జాకెట్టు పట్టీలు లాగి బిగించింది. పడవలో ఉన్న పొడవాటి తాడు చుట్ట చూపించింది.

"ఆ తాడు మాత్రం నాకు వదిలేయండమ్మా."

"తాడుతో ఏం చేస్తుందట? సరస్సుని కట్టేస్తుందా?" అని టీచరమ్మ, పక్కనే ఉన్న తన భర్త చెవిలో గుసగుసలాడి నవ్వింది.

భర్త కూడా నవ్వాడు. ఆయనకి పడవెక్కితే కళ్ళు తిరుగుతాయి. ఈత అసలే రాదు.

"మీరిద్దరూ వెళ్ళి రండి. నేనిక్కడే ట్యూబు వేసుకుని మోకాళ్ళ లోతులో ఆడుకుంటా," అన్నాడు.

పంతం నెగ్గిన హుషారులో టీచరమ్మ తెడ్లు వేసింది. పాప నీళ్ళు చిమ్ముతూ పాటందుకుంది. ఒడ్డు చిన్నదైపోయింది.

అప్పుడు కొండల మీంచి గాలి దిగింది.

ముందు టీచరమ్మ పమిట ఎగిరింది. తర్వాత పడవ ముక్కు పక్కకి తిరిగిపోయింది.

"అమ్మా! నాన్న అంత దూరం ఎందుకెళ్తున్నాడు?"

తల తిప్పి చూసింది.

గాలి ట్యూబుని లోతులోకి, అవతలి మలుపు వైపు తోసుకుపోతోంది. భర్త దాన్ని రెండు చేతులా కరుచుకుని అరుస్తున్నాడు.

టీచరమ్మ పైప్రాణాలు పైనే పోయాయి. ఒంట్లో సత్తువంతా కూడదీసుకుని తెడ్లు వేసింది. ఎదురుగాలి. పడవ ఉన్నచోటే గిరికీలు కొడుతోంది.

"పడవ పంపండి! ఎవరైనా పడవ పంపండి!" అని ఒడ్డు వైపు గొంతు చించుకుంది.

ఒడ్డున పడవలతను అటూ ఇటూ పరుగెత్తుతున్నాడు. రేవులో ఒక్క పడవ లేదు. ఉండాల్సిన ఆ ఒక్కదాన్లో తనే కూర్చుని ఉంది.

ఒక అల వచ్చింది. ట్యూబు ఒకవైపు, మనిషి ఒకవైపు.

"నాన్నా!" అని పాప కెవ్వుమంది.

అంతలో రేవు మీంచి నల్ల గొడుగు దొర్లుకుంటూ పోయింది. గొడుగావిడ తాడు కొస పడవలతని నడుముకి కడుతోంది. అతను దూకాడు. ఆవిడ రెండో కొస పట్టుకుని, గుంజకి కాళ్ళు తన్నిపెట్టి కూర్చుండిపోయింది.

తర్వాత ఏం జరిగిందో టీచరమ్మకి కనిపించలేదు. కళ్ళ నిండా నీళ్ళే.

ఎలాగో ఒడ్డుకి చేరేసరికి భర్త ఇసుకలో పడుకుని దగ్గుతున్నాడు. ఆ దగ్గు వింటే ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఆయన మీద పడి భోరుమంది.

కాసేపటికి లేచి చుట్టూ చూసింది. గొడుగు ఒక పక్కన పడి ఉంది. తాడు పొడవునా నెత్తుటి మరకలు.

"ఆవిడేరీ?"

"బస్సెక్కి వెళ్ళిపోయారమ్మా," అన్నాడు పడవలతను. "అరచేతులు ఒలుచుకుపోయినా తాడు వదల్లేదు. సారు ఊపిరి తీసుకున్నాక లేచారు."

"ఎవరావిడ?"

అతను మేనేజరు గది వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

"పోయిన వేసవిలో ఇక్కడే ఒక పిల్లాడు మునిగిపోయాడమ్మా. అప్పుడూ ఇంతే, ఒడ్డున పడవ లేదు. ఒకటెప్పుడూ రేవులో ఉంచాలి. గిరాకీ ఉన్నప్పుడు ఆ మాట ఎవరికి పడుతుంది? అందుకే ఈ వేసవంతా ఆవిడే దాన్ని అద్దెకి తీసుకుని, కట్టేసి, కాపలా కూర్చుంటున్నారు."

టీచరమ్మ గొడుగుని గుండెలకి హత్తుకుంది.

"అయ్యో... ఆ పిల్లాడి తల్లా?"

"కాదమ్మా. ఆ తల్లి మళ్ళీ ఈ వైపే రాలేదు," అన్నాడతను. "ఆ రోజు మేనేజరుతో పోట్లాడి ఆఖరి పడవ తీసుకెళ్ళింది ఈవిడే."