మహానంది ఎవరు?

కర్నూలులో మార్నింగ్ షో వదిలారు.

గేటు దగ్గర భూపేష్ మైకు పట్టుకొని కాచుకొని ఉన్నాడు. సినిమా చూసి వచ్చేవాళ్ల నోటి ముందు మైకు పెట్టి, అభిప్రాయం అడిగి, యూట్యూబులో పెట్టడం అతని పని.

ఈ రోజుది దెయ్యం సినిమా, రెండో భాగం. మొదటి భాగంలో చచ్చిన దెయ్యమే మళ్లీ లేచిందట. డబ్బులొచ్చిన దెయ్యాన్ని ఎవరు మాత్రం చావనిస్తారు?

"ఎట్లుండాది బ్రో?"

"రక్తమప్పా రక్తం! తెరలోంచి నా చొక్కా మీద పడిందేమో అనుకున్యా!"

"నువ్వు చెప్పక్కా."

"నరికేది శానా ఎక్కువైపోయినాది. మా చెల్లెలు కండ్లే తెరవల్యా. దాని టికెట్టు దండగ."

"మొదటి పార్టే బాగుండెన్నా. దీంట్లో పేగులు తప్ప కథ యాడుండాది?"

తిట్టినవాళ్లు, మెచ్చుకున్నవాళ్లు అందరూ ఒక్కచోట మాత్రం ఒకటే మాట. ఇంటర్వెల్ ముందు తెరంతా చీకటి. దెయ్యం కనపడదు, ఏడుపు మాత్రం వినపడుతుంది. 'లెయ్యి మహానందీ... పొద్దెక్కె, లెయ్యి...' అని. హాల్లో జనం ఊపిరి బిగబట్టారట.

"డబ్బింగ్ చెప్పినామెకు అవార్డు ఇయ్యల్లన్నా! ఇప్పటికీ నా ఒళ్లు జలదరిస్తాంది."

"సరే గానీ, ఈ మహానంది ఎవరు? సినిమాలో ఆ పేరుగలోడే లేడు గదా?" భూపేష్ అడిగాడు.

"దయ్యం మొగుడు!"

"కాదన్నా, మూడో పార్టులో విలను! ఇప్పట్నుంచే లేపుతాంది వాణ్ణి!"

ప్రశ్న భలే పండింది. అప్పట్నుంచి అందర్నీ అదే అడగసాగాడు.

అంతలో ఒక అవ్వ జనాన్ని తోసుకొని మైకు దగ్గరికి వచ్చింది. నూలు చీర, చంకలో గుడ్డసంచి. ఆమెను ఎవరూ పిలవలేదు.

"నాయనా, ఇందులో చెప్తే సినిమా తీసినోళ్లకు ఇనపడతాదా?"

"లోకానికంతా ఇనపడతాదవ్వా! చెప్పు, ఎట్లుండాది సినిమా?"

"ఆ ఏడుపు తీసేయమను."

జనం గొల్లున నవ్వారు.

"ఏమవ్వా, భయపడితివా?"

"భయం గాదు. ఎంతమందినన్నా నరుక్కోనీ, ఎంత రక్తమన్నా పోసుకోనీ. ఆ ఒక్క ఏడుపు తీసేస్తే సాలు. నీకు దండం పెడతా."

నిజంగానే దండం పెట్టింది.

"అవ్వకు గుండె జారిపోయెరోయ్!" ఎవడో ఈల వేశాడు.

"మహానంది ఎవరని అడుగుతాండావు గదా నాయనా. నేను చెప్తా. మహానంది..."

భూపేష్ చటుక్కున మైకు వెనక్కి లాక్కున్నాడు.

ఈ పనిలో ఉన్న కట్టుబాటు ఒక్కటే. సినిమాను ఎంతైనా తిట్టనీయొచ్చు, గుట్టు మాత్రం విప్పనీయకూడదు. మొదటి రోజే ట్విస్టు బయటపెట్టినవాణ్ణి ఏ థియేటరు వాడూ మళ్లీ గేటు దగ్గరికి రానివ్వడు.

"అవ్వా! సస్పెన్సు చెప్పొద్దు! సూడనోళ్లు శానామంది ఉండారు!"

"ఒక్క మాట చెప్పనీ నాయనా..."

"చెప్పినావులే, జరుగవ్వా. ఎనక జనముండారు."

ఆమె పక్కకు జరిగింది. కాసేపు అక్కడే నిలబడింది. తర్వాత కొంగుతో మొహం తుడుచుకొని బస్టాండు వైపు నడిచింది.

'దెయ్యం ఏడుపుకు హడలిపోయిన అవ్వ' అని పేరు పెట్టి భూపేష్ వీడియో వదిలాడు. సాయంత్రానికల్లా ఎవరి ఫోను చూసినా ఆ అవ్వే. సినిమా వాళ్లు కూడా దాన్ని తమ పేజీలో పెట్టుకొని, 'మహానంది ఎవరు?' అని పోటీ పెట్టారు. కుర్రాళ్లు ఆ ఏడుపును రింగ్‌టోను చేసుకున్నారు. భూపేష్ కాళ్లు నేల మీద నిలవలేదు.

చీకటి పడ్డాక ఫోను మోగింది.

"ఏమప్పా, అవ్వ వీడియో పెట్టింది నువ్వేనా? నేను పుల్లయ్యను, నందికొట్కూరు పక్కన మాది. ఆమె మా గురమ్మక్క. దాన్ని తీసెయ్యప్పా."

"ఎందుకు పెద్దాయనా? ఒక్క పూటలో మీ అక్క పేరు మారుమోగిపోయె!"

"మా అక్క పుట్టి బుద్ధెరిగి సినిమా హాలు తొక్కల్యా. నిన్న రాత్రి ప్రీమియర్ షో చూసొచ్చిన ఊర్లో పిల్లోళ్లు చెప్తే నమ్మక, సొంత చెవుల్తో ఇందామని ఒక్కతే పోయె. వచ్చినకాడ్నుంచి తలుపేసుకోనుండాది. బయట ఎవరి ఫోను మోగినా లోపల చెవులు మూసుకుంటాంది."

"పిల్లోళ్లు ఏం చెప్పిరి?"

"పోయినేడు మా ఇంట్లో ఒక శవం లేసెప్పా. ట్రాక్టరు తిరగబడె. మా అక్క మీద పడి శోకాలు పెడతాంటే ఎవడో ఫోన్లో తీసి నెట్లో పెట్టె. ఆ గొంతునే సినిమా వాళ్లు దయ్యానికి పెట్టుకున్యారు."

భూపేష్‌ గబగబా వీడియో తీసేశాడు. తీసేసి ఏం లాభం? అప్పటికే అది ఎన్ని వేల ఫోన్లలోకి పోయిందో. కింద వీధిలో ఎవడి జేబులోనో అదే ఏడుపు మోగుతోంది.

"పెద్దాయనా... పొద్దున ఆమె నాతో చెప్పబోయింది..."

"తన కొడుకు పేరప్పా."