బొంగరం పక్కన చుక్క

మా ఇంట్లో డిగ్రీ చదివింది నేనే. ఆ చదువే నన్ను పోలీస్ స్టేషన్ కంప్యూటర్ గదిలో కూర్చోబెట్టింది. కుర్రాళ్ల ముఠాల లెక్క చూడటం నా పని. ముఠావాడి పక్కన వీధి కెమెరాకు ఎవరు కనిపించినా వాళ్లనూ ముఠాలో కలపాలి. తెర మీది మ్యాపులో మామూలువాళ్లు తెల్ల చుక్కలు, ముఠాలో కలిపినవాళ్లు ఎర్ర చుక్కలు. ఒకసారి కలిపితే తీసేసే పద్ధతి లేదు.

అందుకే బొంగరం అనే కుర్రాడు కత్తిపోటుతో చనిపోయినా, మ్యాపులో అతని ఎర్ర చుక్క ఉండిపోయింది. ఈ రాత్రి అది కదిలింది.

"సార్, బొంగరం తిరుగుతున్నాడు."

"బొంగరం తిరక్క ఏం చేస్తాడమ్మా!" ఎస్సైగారు నవ్వారు. "కెమెరా పొరబడుంటుంది. పక్కన ఎవరైనా కనబడితే ఎక్కించెయ్."

చుక్క మా వీధిలోకి మళ్లి, మా గేటు ముందు ఆగింది. ఇంట్లో తమ్ముడొక్కడే ఉన్నాడు. ముఠాలో పేరు పడితే ఏ కాలేజీ కూడా వాడిని గడప తొక్కనివ్వదు. వెంటనే ఫోన్ చేశాను.

"గేటు దగ్గర ఎవరైనా ఉన్నార్రా?"

"ఎవరుంటారే ఈ వేళప్పుడు? ఉండు, చూస్తా."

"ఒద్దురా, బయటికి రాకు!"

ఫోన్‌లో గేటు కిర్రుమంది.

"ఎవరూ లేరక్కా. ఊరికే హడలగొడతావు."

తెర మీద ఎర్ర చుక్కను ఆనుకుని ఒక తెల్ల చుక్క వచ్చి నిలబడింది. నేను ఏ మీటా ముట్టుకోలేదు. అది మెల్లగా ఎర్రబడుతోంది.