కరిగే గాజు

తమ్ముడి తొడ ఎముకలో గడ్డ తీసేస్తే గుంట పడుతుందన్నారు. "నా తొంటి ఎముకలోంచి కాస్త తీసి నింపెయ్యండి డాక్టరుగారూ," అన్నాను. గొప్పలు చెప్పుకునే మనిషిని కాను గానీ, వాడికి కిడ్నీయే ఇచ్చినదాన్ని, ఎముక ముక్కకి వెనకాడతానా?

"వద్దు. మీరిందాక చెప్పిన ఆ గాజు పొడే పెట్టండి," అన్నాడు వాడు.

డాక్టరు నవ్వాడు. "మామూలు గాజు కాదమ్మా. లోపల మెల్లగా కరుగుతుంది. అది వదిలే కాల్షియానికి ఎముక కణాలు వచ్చి అతుక్కుని పని మొదలెడతాయి. చివరికి గాజు మిగలదు, మీవాడి సొంత ఎముకే ఉంటుంది. మీకూ కోత తప్పింది. అక్కంటే ఎంత ప్రేమో!"

నాకు కళ్ళు చెమర్చాయి. డాక్టరు వెళ్ళగానే వాడి తల నిమిరాను. "నాకు నొప్పెడుతుందనేనా, వద్దన్నావు?"

వాడు నా చెయ్యి తీసి పక్కన పెట్టాడు.

"కిడ్నీ ఇచ్చానని నా పెళ్ళిలో మైకు పట్టుకుని చెప్పావు. మా ఆఫీసుకొచ్చి చెప్పావు. నాకు కూతురు పుడితే, 'నా కిడ్నీయే లేకపోతే ఇదెక్కడ పుట్టేది' అన్నావు. గాజు తన పని చేసేసి కరిగిపోతుందట అక్కా. ఎవరితోనూ చెప్పదు."

ఇంతలో కొత్త నర్సు లోపలికొచ్చింది. "ఈవిడ మీకేమవుతారండీ?"

నేను నోరు తెరిచేలోపే వాడన్నాడు.

"డోనర్."