ఊడని పన్ను

“నోట్లో పన్ను ఊడితే నొప్పి పోతుంది. నాకేంది సామీ, కారే ఊడిపోయినా పన్ను పోలేదు?”

కడప మోటారు ఆఫీసు కిటికీ ముందు పెద్దసుబ్బయ్య ఈ మాట అనడం మూడేళ్లలో ఇది పన్నెండోసారి. మొదటిసారి గుమాస్తా మునిరత్నం పడీపడీ నవ్వాడు. ఇప్పుడు తల కూడా ఎత్తలేదు.

కారు సంగతి చెప్పాలి. కొరియాలో యుద్ధం వస్తే ఇక్కడ చెనక్కాయలకు ధర వచ్చింది. ఎక్కడి కొరియా, ఎక్కడి కమలాపురం! ఆ డబ్బుతో పెద్దసుబ్బయ్య, ఒక తెల్లదొర అమ్ముకుని పోయిన పాతకాలం కారు కొన్నాడు. మరుసటేడు ఒక్క కారుమబ్బు రాలేదు. మబ్బు నిలవని చోట కారు మాత్రం నిలుస్తుందా? యాభై రెండులో రాజంపేట దావీదురాజుకు అమ్మేశాడు. ఆయన దాన్ని తిరుపతికి బాడుగకు తోలుకోవాలనుకున్నాడు.

బేరం ఎద్దుల సంతలో మాదిరే జరిగింది. తుండుగుడ్డ కింద ఇద్దరూ వేళ్లు పట్టుకున్నారు. వేళ్లు ఒప్పుకున్నాయి. నోరు విప్పకుండానే కారు చేతులు మారింది.

చేతులు మారింది కానీ పేరు మారలేదు.

పేరు మారాలంటే సీ-బుక్కు కావాలి. అంటే, కారు ఎవరిదో చెప్పే రిజిస్ట్రేషన్ పుస్తకం. అమ్మినవాడు సంతకం పెట్టి ఇవ్వాలి. కొన్నవాడు దాన్ని ఆఫీసులో చూపించి తన పేరు రాయించుకోవాలి. అంతవరకు మూడు నెలలకోసారి పన్ను పాత పేరు మీదే పడుతుంది. కట్టకపోతే జరిమానా పడుతుంది. అదీ కట్టకపోతే పొలం మీద పడతారు.

“బుక్కు ఇచ్చినావా, లేదా?” అన్నాడు మునిరత్నం, పన్నెండోసారి.

“ఈ చేత్తో సంతకం పెట్టి, ఈ చేత్తోనే సీటు కింద పెట్టినా సామీ. తెల్లారి ఆయప్ప కారు తోలుకపాయ.”

“మరి ఆయప్ప బుక్కే లేదనెనే?”

“అదే గదా వాని ఎత్తు!”

దావీదురాజు కారు కొన్న వారానికే వచ్చాడు. “అన్నా, సీటు కింద ఏమీ లేదు. బుక్కు ఇయ్యి” అన్నాడు. “పన్ను ఎగ్గొట్టనీకి భలే యాసం ఏసినావప్పా” అని పెద్దసుబ్బయ్య వాకిట్లో నుంచే పంపేశాడు. రెండోసారి వస్తే కర్ర తీశాడు. మూడోసారి ఆయన రాలేదు. బుక్కు లేని కారు బాడుగకు పనికిరాదు. సీట్లు మంగలి షాపుకు, టైర్లు చెప్పులు కుట్టేవాడికి, హారను నాటకాల వాళ్లకు అమ్మి, ఆయన మద్రాసు చేరుకున్నాడు.

చక్రాలు పోయాయి. జరిమానా మాత్రం చక్రవడ్డీలా తిరుగుతూనే ఉంది.

“బుక్కు పోయిందని రాసుకుని నకలు ఇప్పించు సామీ.”

“ఇప్పిస్తా. కారు తెచ్చి బ్రేక్ ఇన్‌స్పెక్టరుకు చూపించు. నంబరు సరిచూడాల గదా.”

“యాడ తెచ్చేది? సగం కారు జనాల కాళ్ల కింద చెప్పులై తిరుగుతాండాది!”

“అట్లయితే కారు లేదని రాసియ్యి. పేరు కొట్టేస్తాం.”

“ఇదో, ఇప్పుడే రాసిస్తా!”

“దానికి బుక్కు జత చేయాల.”

పెద్దసుబ్బయ్య కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడిపోయాడు. చూసేవాళ్లకు, బయట ఉన్నది ఎవరో లోపల ఉన్నది ఎవరో తెలియలేదు.

మునిరత్నం చెడ్డవాడు కాదు. గొంతు తగ్గించి అన్నాడు: “నాకు మాత్రం జాలి లేదా అప్పా? ఆ పుస్తకం ఒక్కటి తెచ్చియ్యి. గంటలో మా ఆఫీసరు దొర దగ్గరికి నేనే తీసుకుపోతా. వేలం ఆపిస్తా. అది లేకుంటే మాత్రం రేపు పదకొండు గంటలకు నీ బావి కాడి చేను పోయినట్టే.”

ఉన్నదల్లా ఆ బావి కింద రెండెకరాలే. అది పోతే మిగిలేది రాళ్ల గుట్ట. దానికి పన్నూ లేదు, దాంతో తిండీ లేదు.

బుక్కు కోసం పెద్దసుబ్బయ్య వెతకని చోటు లేదు. రాజంపేటలో గడపగడపా తిరిగాడు. మంగలి షాపులో సీట్ల కుట్లు విప్పించాడు. మద్రాసుకు కార్డు రాస్తే కార్డే తిరిగి వచ్చింది. మంత్రాలయం పోయి మొక్కాడు కూడా, స్వామి సైతం ముందు బుక్కు చూపించమంటాడేమోనని భయపడుతూనే.

ఇల్లు చేరేసరికి భార్య పుల్లమ్మ వాకిట్లోనే నిలబడి ఉంది.

“యోవ్, తలారి తప్పెట కొట్టి పాయ. మన చేను ఏలమంట?”

“ఊఁ.”

“ఎందుకంట?”

“కారు పన్ను కింద.”

“మూడేండ్ల కిందట అమ్మిన కారుకు ఇప్పుడు పన్నేంది? అడిగేటోడు లేడా?”

“అదంతా మోటారాఫీసు యవ్వారం, మే. నీకు చెప్పినా తెల్దు.”

మూడేళ్లుగా ఆమెకు ఏమీ చెప్పలేదు. ఆడమనిషికి బెంగ ఎందుకని. ఇప్పుడు కూడా అంతకు మించి చెప్పలేదు. పెట్టిన సంగటి అట్లాగే వదిలేసి లేచాడు.

మరుసటి రోజు శుక్రవారం. పొద్దెక్కింది. వేలం వేసే అమీను కోసం ఎదురుచూస్తూ పెద్దసుబ్బయ్య అరుగు మీద కూర్చున్నాడు. అనడానికి చమత్కారం ఒక్కటీ మిగల్లేదు. తలంటి పోసుకున్న పుల్లమ్మ లోపలి నుంచి పలికింది.

“దిగులు పడొద్దు. ఎవురేం చేసినా మన లక్ష్మి ఈ గడప దాటి యాడికీ పోదు. నేను పోనిస్తానా?”

ఎద్దును అమ్మినా దాని పలుపుతాడు ఇంట్లోనే ఉంచుకోవాలని, లేకపోతే దానితోపాటు లక్ష్మి కూడా వెళ్లిపోతుందని, మూడేళ్ల కిందట కారు కదలకముందే తానే సీటు కింద నుంచి తీసి దేవుని గూట్లో పెట్టుకున్న సీ-బుక్కుకు, పుల్లమ్మ ఆ శుక్రవారం కూడా పసుపు రాసి, కుంకుమ పెట్టి, కళ్లు మూసుకుని దండం పెట్టుకుంది.